నూకరత్నం మాడ్చిన కాయిళ్లు

బెల్‌ఫాస్ట్‌లో పొద్దున స్కాట్లండ్ వైపు బయల్దేరిన ఓడ రేవు నీళ్లు దాటి అసలు సముద్రంలో తల పెట్టేసరికి, యజ్ఞనారాయణ లోపలి టీవీ మోత భరించలేక వెనక డెక్కు మీదికి వచ్చాడు. పొగ తాగేవాళ్లకని వదిలిపెట్టిన మూల అది. మూడు వైపులా ఇనప గోడలు, నాలుగో వైపు ఉప్పుగాలి. ఓడల్లో పరిచయాలు భోజనాల బల్లల దగ్గర కలుగుతాయని అనుకుంటారు గానీ, నిజానికి అవి ఇలా వెలేసిన మూలల్లోనే కలుగుతాయి. అక్కడికి వచ్చే మనిషికి దాచుకోవడానికి ఇంకేమీ మిగలదు.

అప్పటికే అక్కడొక ముసలామె ఉంది. ముదురాకుపచ్చ నేతచీర, దాని మీద ఎవరో మగమనిషి రెయిన్‌కోటు, తలకు ఊలుటోపీ, కాళ్లకు తెల్లటి బూట్లు. ఓడ పక్కకు ఒరిగినప్పుడల్లా తక్కినవాళ్లు కడ్డీ పట్టుకుంటున్నారు. ఆమె పట్టుకోలేదు. కాళ్లు కాస్త ఎడంగా వేసుకుని, నేల మీద నిలబడ్డట్టే నిలబడింది. చేతిలో వేలెడంత వేప్ ఉంది, సిగరెట్టుకు బదులు ఆవిరి పీల్చే బ్యాటరీ గొట్టం. దాన్ని అరచేతిలో రెండుసార్లు కొట్టి, నోట్లో పెట్టుకుని, వెంటనే మొహం వికారంగా పెట్టి తీసేసింది.

"మల్లీ మాడిపోనాది! దీని మొహం మండిపోను! పది దినాల్లో ఐదోది!"

యజ్ఞనారాయణ ఆగిపోయాడు. ఆ యాస విని నలభై ఏళ్లు దాటింది. అతను పెరిగిన విజయనగరంలో ముక్కులు మూసుకునే పెద్దల్ని వేళాకోళం చేస్తూ, వాళ్ల వీధిలో గంప దించకుండానే పక్క వీధికి పోయే చేపలామె గొంతు అది.

"కాలిన గుడ్డ రుచి వస్తోందా అమ్మా?" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి చూసింది. "ఓలమ్మో! తెలుగోరేటి? అదే బాబూ, అదే! గుడ్డ కాల్సి నోట్లో ఎట్టినట్టున్నాది. మీకెలా తెలిసినాది?"

తెలియకేం. యజ్ఞనారాయణ ముప్పై ఏళ్లపాటు బెల్‌ఫాస్ట్‌లో ఒక ఆసుపత్రికి ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాడు. సిగరెట్లు మానడానికి ఆరేళ్లుగా వేప్ పట్టాడు. ఏ వస్తువునైనా విప్పి చూడకుండా వాడటం అతని జాతకంలో లేదు కనక, దాన్నీ విప్పాడు. ఆ సంగతి పాకి, ఊళ్లోని తెలుగు స్టూడెంట్లు మాడిపోయిన కాయిళ్లు పట్టుకుని అతని ఫ్లాట్‌కు రావడం మొదలుపెట్టారు. వాళ్ల నోట అతని పేరు కాయిల్ అంకుల్. అతని భార్య శాంత బతికుండగా ఆ పేరు విని నవ్వేది. "వేదాలు చదివిన వంశంలో పుట్టి చివరికి ఈ బిరుదా!" అనేది. ఇప్పుడతను గ్లాస్గోలో ఒక పాత స్నేహితుణ్ణి చూడబోతున్నాడు. స్నేహితుడు సాకే. ఇంట్లో వారం రోజులు ఉంటే అతనికి కాళ్లు దురద పెడతాయి.

అతను ఆమె వేప్ అడిగి తీసుకుని, అడుగు భాగం తిప్పి, కాయిల్ బయటికి లాగాడు. గోరంత ఇనపగొట్టం. లోపల సన్నటి తీగ, తీగ చుట్టూ దూది. తెల్లగా ఉండవలసిన దూది బొగ్గులా ఉంది.

"ఇది దీపంలో వత్తి లాంటిదమ్మా," అన్నాడు. "ఈ దూది మనం సీసాలోంచి పోసే మందు పీల్చుకోవాలి. తీగ వేడెక్కి ఆ మందును ఆవిరి చేస్తుంది. నూనె అందని వత్తి ఏం చేస్తుంది? తనే కాలుతుంది. మీ దూదికి మందు అందడం లేదు. ఎందుకందడం లేదో చూడాలి. మామూలుగా ఒక కాయిల్ రెండు వారాలైనా రావాలి."

"రెండు వారాలా! ఇది కొనిచ్చిన మా అల్లుడు కౌశిక్ బాబు అదే అంతాడు. 'అత్తయ్యా, మీరు పీలుస్తన్నారా, నముల్తన్నారా?' అంతాడు."

కాయిల్ మాడ్చుకుని వచ్చిన ఎవరినైనా యజ్ఞనారాయణ మూడే ప్రశ్నలు అడుగుతాడు. ఏం పోశావు? వేడి ఎంత పెట్టావు? కొత్త కాయిల్ వేశాక ఎంతసేపు నానబెట్టావు? మొదటిదానికి సిగ్గుపడుతూ నిజం చెబుతారు, తియ్యటి మామిడిపండు మందో, పుచ్చకాయ మందో. అందులోని తీపి పాకంలా తీగకు అంటుకుని మాడుస్తుంది. రెండోదానికి, ఎంత పైకి పోతే అంత పెట్టామని, గొప్పగా చెబుతారు. మూడోదానికి అబద్ధమే చెబుతారు.

ఆమె మూడింటికీ నిజమే చెప్పినట్టుంది. సంచిలోంచి సీసా తీసి చూపించింది. తీపి లేని పొగాకు రుచి. వేడి తగ్గించే ఉంది. నానబెట్టడం గురించి అడిగితే ఆమెకు కోపం వచ్చింది.

"పది నిమిషాలన్నారు, పావుగంట నానబెడతాను. సేపకి ఉప్పు పట్టాలంటే ఎంతసేపుంచాలో తెలిసినదాన్ని బాబూ, నాకు ఆగడం నేర్పకు."

అయితే మరి ఎందుకు మాడుతోంది? ముప్పై ఏళ్ల వృత్తిలో యజ్ఞనారాయణకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనివి పెద్ద యంత్రాలు కావు. అన్నీ సరిగ్గానే ఉండి పనిచేయని చిన్నవి. అతను కాయిల్‌ను వెలుగులో పెట్టి మళ్లీ చూశాడు.

"వేరేది ఉందా?"

"అదే ఆకరిది." ఆమె సంచి మూసేసింది. "పెట్లో ఇంకోటి ఉందనుకున్నాను. లేదు. దిగినాక కార్లో ఎనిమిది గంటలంట బేసింగ్‌స్టోక్‌కి. అల్లుడికి ఆ ఊర్లో కొత్త ఉద్యోగం, కాపరం అక్కడికి మార్సేస్తన్నారు. ఆదివారం పూట దార్లో కొట్లుంటాయో లేవో. ఉన్నా, సంటిపిల్లని కార్లో ఎట్టుకుని నా గొట్టం కోసం ఊరూరా ఆపమని ఎలాగడగను?"

"ఎనిమిది గంటలు ఉండలేరా?"

ఆమె చేత్తో బొడ్డు దగ్గర చీర ముడి తడుముకుంది. అక్కడేదో ఉందని అతనికి అర్థమైంది.

ఆమె పేరు నూకరత్నం. భీమిలి అవతల ఒక చేపలవాళ్ల పల్లె. పదకొండో ఏట పినతల్లి దగ్గర అడ్డపొగ నేర్చుకుంది. చుట్ట వెలిగించి, వెలిగిన కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. చూడనివాళ్లకు అది విడ్డూరం. చూసినవాళ్లకు అంతకంటే తెలివైన పద్ధతి లేదనిపిస్తుంది. ఒడ్డున గాలి ఎప్పుడూ ఊరుకోదు, బయట పెట్టిన నిప్పును ఆర్పేస్తుంది, లేదా నిప్పురవ్వను వల మీదికి ఎగరేస్తుంది. రెండు చేతులూ చేపల పొట్టల్లో ఉన్న ఆడది చుట్టను మాటిమాటికీ తీసి పెట్టుకోలేదు. అందుకని నిప్పును లోపల దాచారు. మనిషి నిప్పును ఎక్కడెక్కడ దాచుకున్నాడో రాస్తే పెద్ద పుస్తకమవుతుంది, కుండలో, బూడిదలో, చెకుముకిరాయిలో. నోట్లో దాచుకున్న ఆడవాళ్లకు అందులో ఒక పేజీ అయినా ఇవ్వాలి.

ఆ నిప్పుతోనే ఆమె యాభయ్యారేళ్లు బతికింది. గంప నెత్తిన పెట్టుకుని తెల్లారకుండా విశాఖ బస్సెక్కేది. డ్రైవర్లు వాసనని తిడితే, "మీ ఆవిడ కూరొండితే ఇదే వాసనకి లొట్టలేస్తావు" అనేది. ఆ గంప మీదే కూతురు హైమను నర్సు చదివించింది. ఆ హైమ ఐదేళ్ల కిందట బెల్‌ఫాస్ట్ వచ్చింది. మొన్న వేసవి చివర కాన్పు దగ్గరపడితే తల్లిని పిలిపించుకుంది.

వచ్చిన మూడో రోజున హైమ టార్చిలైటు వేసి తల్లి నోరు చూసింది. అంగిలి తోలులా గట్టిపడి, తెల్లగా పాలిపోయి, మధ్యలో ఎర్రటి చుక్కలు. హైమ టార్చి ఆర్పేసిందట.

"తరవాత ఒకటే మాటంది," నూకరత్నం సముద్రం వైపు చూస్తూ చెప్పింది. "'నోట్లో నిప్పెట్టిన రోజున నా బిడ్డని ఎత్తుకోకమ్మా' అంది. అరవలేదు. అరిస్తే నానూ అరిసీదాన్ని. సహస్ర పుట్టి నాలుగు నెలలు. స్నానం నానే పోస్తాను. నా బుజం మీద తప్ప తొంగోదు. ఇంకో నెలకి నా వీసా అయిపోతాది. ఈ నెల రోజులూ దాన్ని దించకుండా ఉంటే సాలు బాబూ. తరవాత నా నోరేమైపోనా పరవాలేదు."

"హైమ బిడ్డ కోసం కాదమ్మా అన్నది, మీ నోటి కోసం."

"తెలుసు. తెలీదేటి?"

ఇంకేమీ అనకుండా యజ్ఞనారాయణ కోటు లోపలి జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అతని వేప్‌కూ అదే రకం కాయిల్. ఒక్కటే ఉంది. దాని దూది మీద నాలుగు చుక్కల మందు వేసి, బిగించి, గొట్టం నింపి, గాలి తగలకుండా గుప్పిట్లో పట్టుకున్నాడు.

"చలికి మందు చిక్కబడుతుంది. దీన్ని ఎప్పుడూ లోపలి జేబులో, ఒంటి వేడికి ఉంచుకోండి. పది నిమిషాలు ఆగుదాం. కానీ కారణం తెలియకుండా ఇచ్చేస్తే ఇదీ రేపటికి మాడుతుంది. మీరెలా పీలుస్తారో నేను చూడాలి."

"ఎలా పీలుస్తారేటి? నోటితోనే."

"చూపించండి. ఇది నానుతోంది కదా, దీంతో వద్దు. ఆ ముడిలో ఉన్నదానితో చూపించండి."

నూకరత్నం అతని వైపు దొంగ దొరికినట్టు చూసి, ఆ తర్వాత నవ్వింది. ముడి విప్పింది. ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఒకే ఒక చుట్ట, పక్కనే అగ్గిపెట్టె. ఊరి నుంచి ఐదు చుట్టలు తెచ్చుకుందట. నాలుగు హైమ చెత్తబుట్టలో వేసింది.

"అగ్గిపెట్టె వద్దు," అన్నాడు యజ్ఞనారాయణ.

"నాకు సెప్పక్కర్లేదు."

వెలిగించని చుట్టను ఆమె వాసన చూసింది. కళ్లు ఒక్క క్షణం మూతపడ్డాయి. కొస తిప్పి నోట్లోకి జారవిడిచి పెదాలు మూసింది. బయట రెండంగుళాలు కనబడుతోంది. చేతులు రెండూ కిందికి దించేసింది. అతను గడియారం చూడసాగాడు. ఆమె బుగ్గలు లోపలికి పోలేదు, ఛాతీ లేవలేదు. నాలుక ఎక్కడో లోపల, తల్లిపాలు తాగే బిడ్డ నాలుకలా, సన్నగా, ఎడతెగకుండా పనిచేస్తోంది. ఊపిరి ముక్కుతో పోతోంది. ఆ స్థితిలోనే ఆమె మాట్లాడింది కూడా, పెదాల పక్కనుంచి.

"భీమయ్య, అంటే మా ఆయన, ఏటకెల్లీటప్పుడు నాకు సెప్పీవోడు కాదు. మా ఇంట్లో సముద్రం మీదికెల్లీవోళ్లు ఎల్లొత్తానని అనకూడదు. ఎక్కడికని అడక్కూడదు, ఎనక్కి తిరిగి సూడకూడదు. వల బుజానేసుకుని ఎల్లిపోడమే. ముప్పయ్యేడేళ్లు కాపరం సేసినాం, ఒక్క రోజు సెప్పలేదు. ఆకరికి పోనాదీ సముద్రంలో కాదు, ఆసుపత్రి మంచం మీద. అప్పుడూ సెప్పలేదు. అలవాటు."

రెండు నిమిషాలైంది. మూడైంది. నాలుక ఒక్కసారి కూడా ఆగలేదు.

యజ్ఞనారాయణకు కారణం దొరికింది. దొరికినందుకు సంతోషం కలగాలి, కలగలేదు. అతను నోరు తెరిచేలోగా డెక్కు తలుపు తోసుకుని ఒక యువతి వచ్చింది. భుజం మీద దుప్పట్లో చుట్టిన పసిపిల్ల. ఓడ ఊపుకు తలుపును భుజంతో ఆపుకుంటూ, "అమ్మా, సహస్ర నీకోసమే ఏ..." అంటూ ఆగిపోయింది.

తల్లి నోట్లో చుట్ట.

అడ్డపొగలో ఉన్న చిక్కే అది. నిప్పు లోపల ఉంటుంది. వెలిగిందో లేదో ఎదుటివాళ్లకు తెలియదు. పొగ కనబడలేదంటే ఈ గాలికి ఎగిరిపోయిందనుకోవచ్చు. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు తాగుతూనే ఉంటారు కనక వాసన సరేసరి.

హైమ అరవలేదు. బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి, తల్లికి దూరంగా ఉన్న భుజం మీదికి, మార్చుకుంది. అంతే చేసింది.

"అది కాదమ్మాయ్, నేనే..." యజ్ఞనారాయణ మొదలుపెట్టాడు. నూకరత్నం అరచెయ్యి పైకెత్తి అతన్ని ఆపింది. కూతురి ముందుకు నడిచి, చుట్టను వేళ్లతో పట్టుకుని నోరు పూర్తిగా తెరిచింది. టార్చి వేసిన రోజు తెరిచినట్టే. చుట్ట తీసి లోపలి కొసను హైమ ముందు పెట్టింది.

"ముట్టుకో."

హైమ దుప్పటిని బిడ్డ తల మీదికి లాక్కుంది.

"నర్సువి కదే. సూడకుండా రాసీస్తావేటి? ముట్టుకో."

హైమ రెండు వేళ్లతో ముట్టుకుంది. తడి. చల్లగా ఉంది. బూడిద లేదు. వేళ్లను అలాగే చాలాసేపు ఉంచింది. కాన్పుల వార్డులో రోజుకు పదిమంది నాడి చూసే వేళ్లవి.

"ఈ అంకుల్ ఎవరు?" అంది చివరికి.

"కాయిల్ డాక్టరు," అంది నూకరత్నం. "జబ్బు సూపించమంటే సూపించాను."

హైమ నవ్వబోయి నవ్వలేకపోయింది. "సారీ అంకుల్. అమ్మా, అలాగైతే అది పారెయ్. ఇప్పుడే, నా ముందు."

"పారీను."

"ఎందుకూ?"

"పారేస్తే ఇంకోటి ఎక్కడ దొరుకుతాదా అని ఎతుక్కుంటాను. ఉంటే, ఉన్నాది కదా అని ఊరుకుంటాను. నాలుగు నెల్లు అలాగే ఊరుకున్నాను. నీకు తెలీదు." చుట్టను కాగితంలో చుట్టి మళ్లీ ముడి వేసుకుంది.

హైమ ఆ ముడి వైపే చూస్తూ నిలబడింది.

యజ్ఞనారాయణ గుప్పిట విప్పాడు. "మీ తప్పేమీ లేదమ్మా. మీరు నేర్చుకున్నది మరీ బాగా నేర్చుకున్నారు, అదీ సంగతి. నోట్లో చుట్ట ఆరిపోకుండా ఉండాలంటే నాలుక ఆగకూడదు కదా?"

"ఆగితే ఆరిపోతాది. మల్లీ ఎలిగించాలంటే సేతులు కడుక్కోవాలి."

"దీని సంగతి అందుకు తలకిందులు. మీరు పీల్చిన ప్రతిసారీ దీంట్లో తీగ వేడెక్కుతుంది. మీరు ఆగితేనే దూదికి మళ్లీ మందు ఎక్కుతుంది. మీరు ఆగరు. పైకి చిన్న చిన్న గుటకలే, కానీ మధ్యలో సందు లేదు. అందుకే మాడుతోంది. ఒకసారి పీల్చి, నోట్లోంచి తీసెయ్యాలి. చేతిలో పట్టుకోవాలి. అర నిమిషం ఆగాలి. ఇదీ మంచిదని నేననను. నిప్పు కంటే నయమని మాత్రమే అంటాను."

నూకరత్నం ఆ వస్తువును తీసుకుని చూస్తూ ఉండిపోయింది. ఓడ రెండుసార్లు లేచి పడింది.

"యాభయ్యారేళ్లు బాబూ. ఆపకుండా ఉండడమొకటే నాకు సేతనవును. నిప్పైనా, గంపైనా. ఇప్పుడు ఆగమంటే ఎంతసేపాగాలో నాకేటి తెలుస్తాది?"

"ముప్పై లెక్కపెట్టండి."

"లెక్కెడితే బేరం గుర్తొస్తాది. ఇరవైకే ఇచ్చీసి ఎల్లిపోతాను."

ఈసారి హైమ నిజంగా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నూకరత్నం ఆ నవ్వు పట్టించుకోలేదు. కడ్డీ అవతల నీళ్లను చూస్తోంది. ఆ చూపులో ఇప్పుడు డెక్కు లేదు, ఓడ లేదు. చేపలామె లెక్క చూసే చూపు అది.

"పడవ దించీటప్పుడు," అంది నెమ్మదిగా, "కెరటాలు మూడు పెద్దవొస్తాయి. అప్పుడు తొయ్యకూడదు. అవెల్లిపోనాక ఒక సందు వొస్తాది. ఒడ్డున నిలబడి నానే సూసీదాన్ని. నాను సెయ్యెత్తితేనే భీమయ్య తోసీవోడు. నోట్లో సుట్టుండీది, దాన్ని ఆపలేదు గాని, పడవని ఎన్నిసార్లు ఆపీసినానో."

ఆమె వేప్ పెదాల మధ్య పెట్టుకుంది. ఒక్కసారి పీల్చింది. తీసి, చెయ్యి కిందికి దించింది. ఓడ ముక్కు లేచింది, పడింది. లేచింది, పడింది. లేచింది, పడింది. మధ్యలో ఒకసారి చెయ్యి దానంతటదే సగం దాకా లేచింది. ఆమె దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని ఆపింది. మూడో కెరటం పోయాక మళ్లీ పీల్చింది.

"మాడిన రుచి ఉందా?" అడిగాడు.

తల అడ్డంగా ఊపింది.

"కార్లో కెరటాలుండవు కదే అమ్మా," అంది హైమ మెల్లగా.

"నా లోపలుంటాయిలే. అరవైయేడేళ్లు వాటి పక్కనే తొంగున్నాను."

ముగ్గురూ అలా ఎంతసేపు ఉన్నారో. స్కాట్లండ్ ఒడ్డు బూడిదరంగు గీతలా కనబడింది, తర్వాత పచ్చబడింది, తర్వాత గొర్రెలు తెల్లటి చుక్కలుగా తేలాయి. యజ్ఞనారాయణ చాలా తీరాలు ఇలా ఎదురు రావడం చూశాడు. ఏ తీరమూ రెండోసారి చూసినప్పుడు మొదటిదానిలా ఉండదు. అతను మాట్లాడలేదు. పక్కన ముసలామె ఆగుతోంది. ఒక మనిషి ఆగడం నేర్చుకుంటున్నప్పుడు దగ్గర నిలబడి మాట్లాడటం మర్యాద కాదనిపించింది.

సహస్ర కదిలి ఏడవడం మొదలుపెట్టింది. హైమ తల్లి వైపు చూసింది. నూకరత్నం వేప్‌ను కోటు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా, పెట్టుకుంది. చేతులు రెండూ చీర కొంగుకు తుడుచుకుని, వాసన చూసుకుని, ముందుకు చాచింది. హైమ బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది. ఏడుపు వెంటనే ఆగలేదు. కాసేపటికి ఆగింది.

కార్ల వాళ్లు కింది డెక్కుకు రావాలని స్పీకర్లో చెప్పారు. హైమ, "థాంక్స్ అంకుల్, బేసింగ్‌స్టోక్ వస్తే తప్పకుండా మా ఇంటికి..." అంటూ నంబరు కోసం ఫోన్ తీయబోయింది. కింద నుంచి కౌశిక్ పిలిచాడు. నంబరు సగంలోనే ఉండిపోయింది. హైమ తలుపు తెరిచి పట్టుకుంది.

యజ్ఞనారాయణ నూకరత్నం వైపు తిరిగాడు. ఏదో ఒక మాట వస్తుందని నిలబడ్డాడు. ముసలివాళ్లకు ఆ ఆశ పోదు.

ఆమె బిడ్డ తలను మెడ కింద సర్దుకుంది. ఓడ చివరిసారి కాస్త లేచింది. అది పడేదాకా ఆగి, గడప దాటింది. అతని వైపు చూడలేదు. మెట్ల మీద తెల్లటి బూట్లు ఒకటొకటిగా దిగాయి. వెనక్కి తిరగలేదు.